దూర ప్రయాణపు మోటారు సైకిలుకు ఎట్టి క్యాంషాఫ్టు కావలెను?

నిజామాబాదు నుండి జగిత్యాల, ధర్మపురి, లక్సెట్టిపేట, మంచిర్యాలల మీదుగా వచ్చు 63వ నంబరు జాతీయ రహదారి చెన్నూరు దాటి, ప్రాణహిత ఆవలి యొడ్డుననున్న సిరోంచ వైపు సాగిపోవును. అక్కడినుండి కాళేశ్వరమునకో, బస్తరు అడవులకో మోటారు సైకిళ్ళపై పోవువారు నేడు తరచుగా కనబడుదురు. వెనుక సీటుపై ఒకరు, ఇరుప్రక్కల సంచులు, మీద వేసవి యెండ, ఎదుట నిండు బరువుతో పోవు లారీ. ఆ లారీని దాటుటకు ఆక్సిలరేటరు త్రిప్పినప్పుడు బండి వెంటనే అందుకొనక నీరసముగా మూల్గినచో, ఇంజనుకు మరికొంత సత్తువ చేకూర్చుట ఎట్లని ఎవరికైనను తోచును. అప్పుడు తరచుగా వినబడు సలహా ఒకటి కలదు: "క్యాంషాఫ్టు మార్చండి."

ఈ సలహాలో సత్యము లేకపోలేదు. ఇంజను గుణమును క్యాంషాఫ్టు వలె మార్చగల భాగములు మిక్కిలి తక్కువ. కాని ఎట్టి క్యాంషాఫ్టు అను ప్రశ్నకు జవాబు చెప్పక, మార్చుమని మాత్రమే చెప్పుట సగము వైద్యము వంటిది. ఒకరి బండికి ప్రాణము పోసిన క్యాంషాఫ్టు మరియొకరి బండిని ఉన్న సత్తువ కూడ లేకుండ చేయగలదు. దానిని ఎన్నుకొనుటకు ముందు మన బండి ఇంజను ప్రయాణ కాలములో అధిక భాగము నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో తెలిసికొనవలెను. తక్కిన లెక్కలన్నియు దానిని అనుసరించియే వచ్చును. అది ఎందువలననో చూతము.

నేటి మోటారు సైకిళ్ళలో నుండునది ఫోర్ స్ట్రోకు ఇంజను. పిస్టను మొదటిమారు క్రిందికి దిగుచు పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమమును సిలిండరులోనికి పీల్చుకొనును. రెండవమారు పైకి వచ్చుచు ఆ మిశ్రమమును నొక్కును. ప్లగ్గు నిప్పురవ్వతో అది మండగా మూడవమారు పిస్టను బలముగా క్రిందికి నెట్టబడును. నాలుగవమారు పైకి వచ్చుచు కాలిన వాయువులను వెలికి త్రోయును. ఈ నాలుగు పనులకు క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగును. మిశ్రమము లోపలికి వచ్చుటకు ఒక ద్వారము, కాలిన వాయువులు పోవుటకు ఒక ద్వారము కలవు. ఆ ద్వారములకు తలుపులే వాల్వులు. మొదటిదానిని ఇన్‌లెట్ వాల్వు అనియు, రెండవదానిని ఎగ్జాస్టు వాల్వు అనియు మెకానిక్కులందురు.

ఏ తలుపు ఎప్పుడు తెరువవలెను, ఎంత తెరువవలెను, ఎప్పుడు మూయవలెను అని నిర్ణయించునదే క్యాంషాఫ్టు. అది యొక లోహపు కడ్డీ. దానిపై కోడిగ్రుడ్డు కొనవలె నున్న బొడిపెలుండును. కడ్డీ తిరుగుచుండగా బొడిపె వచ్చి వాల్వును తెరపించును. బొడిపె దాటిపోగా స్ప్రింగు దానిని తిరిగి మూయును. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యాంషాఫ్టు ఒక చుట్టు తిరుగును. కనుక నిమిషమునకు 3,600 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క వాల్వు సెకండునకు 30 మార్లు తెరచుకొని మూసికొనును. గంటకు 72 కిలోమీటర్ల వేగమున ఇంజను అన్ని చుట్లు తిరుగు బండిపై చెన్నూరు నుండి బయలుదేరినచో, సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న మంచిర్యాల చేరులోపల ఒక్కొక్క వాల్వు 60,000 మార్లు ఈ పని చేసియుండును. ఇంత చిన్న బొడిపె ఆకారములో వెంట్రుకవాసి భేదము వచ్చినను ఇంజను నడక మారిపోవుటకు కారణమిదియే.

పిస్టను క్రిందికి దిగ నారంభించునప్పుడు ఇన్‌లెట్ వాల్వు తెరచుకొని, అది అడుగునకు చేరగనే మూసికొనినచో చాలును గదా యని తోచవచ్చును. చెరువు తూము తెరచిన రైతు అట్లనుకొనడు. తూము ఎత్తిన క్షణముననే కాలువ నిండదు. నీరు కదలి వడి పుంజుకొనుటకు కొంత కాలము పట్టును. ఒకసారి వడి పట్టిన నీరు తూము మూసిన పిదప కూడ కాలువలో కొంతదూరము పారుచునే యుండును. గాలికిని ఇట్టి స్వభావమే కలదు. అందుచేత ఇన్‌లెట్ వాల్వును పిస్టను పైకొనకు చేరుటకు కొంత ముందుగానే తెరచి, పిస్టను అడుగునకు పోయి మరల పైకి రా నారంభించిన తరువాత కూడ కొంతసేపు తెరచియే యుంచుదురు.

ఇంజను వేగముగా తిరుగునప్పుడు ఈ ఆలస్యము వలన లాభము కలుగును. వడిమీద వచ్చు మిశ్రమము, పైకి వచ్చుచున్న పిస్టనును లెక్క చేయక సిలిండరులోనికి చొరబడును. సిలిండరు బాగుగా నిండును. అదే ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు మిశ్రమమునకు ఆ వడి యుండదు. అప్పుడు వాల్వు ఇంకను తెరచియున్నందున పైకి వచ్చు పిస్టను, లోపలికి వచ్చిన మిశ్రమములో కొంత భాగమును వచ్చిన దారినే వెనుకకు నెట్టివేయును. సిలిండరులో మిగులునది తక్కువ. మండునది తక్కువ. పుట్టు బలమును తక్కువయే. ఆలస్యముగా మూయు క్యాంషాఫ్టు అధిక వేగమునకు స్నేహితుడు, అల్ప వేగమునకు శత్రువు అని చెప్పుటకు మూలమిదియే. అందుచేత క్యాంషాఫ్టు వివరములలో మొట్టమొదట చూడదగిన అంకె ఇన్‌లెట్ వాల్వు మూసికొను కాలము.

క్యాంషాఫ్టుతో వచ్చు కాగితముపై సాధారణముగా కొన్ని అంకెలుండును. అవి చూచి భయపడ నక్కరలేదు. ఉదాహరణకు ఒక క్యాంషాఫ్టు ఇన్‌లెట్ వాల్వును పిస్టను పైకొన చేరుటకు 20 డిగ్రీల ముందు తెరచి, అడుగు దాటిన 50 డిగ్రీలకు మూయునని యనుకొందము. పైకొన నుండి అడుగునకు 180 డిగ్రీలు. అన్నియు కూడినచో 20, 180, 50 కలిసి 250 డిగ్రీలు. వాల్వు తెరచియుండు ఈ కాలమును డ్యురేషను అందురు. ఎగ్జాస్టు వాల్వు అడుగు చేరుటకు 55 డిగ్రీల ముందు తెరచుకొని, పైకొన దాటిన 15 డిగ్రీలకు మూసికొనినచో దాని డ్యురేషనును 250 డిగ్రీలే యగును. పైకొన వద్ద ఇన్‌లెట్ 20 డిగ్రీల ముందే తెరచుకొనినది, ఎగ్జాస్టు 15 డిగ్రీల తరువాత గాని మూసికొనలేదు. అనగా 35 డిగ్రీల పాటు రెండు తలుపులును తెరచియే యున్నవి. దీనిని ఓవర్‌ల్యాప్ అందురు. వాల్వు తన పీట నుండి ఎంత లేచునో అది లిఫ్టు.

ఓవర్‌ల్యాప్ వలన అధిక వేగమున మేలు కలుగును. వెలికి పోవు వాయువుల ఊపు క్రొత్త మిశ్రమమును లోపలికి లాగికొనును. అల్ప వేగమున మాత్రము కాలిన వాయువులు వెనుకకు తిరిగి క్రొత్త మిశ్రమముతో కలిసి దానిని పలుచన చేయును. బండి నిలిచియున్నప్పుడు ఇంజను తడబడుచు కొట్టుకొనుటకు, ఆక్సిలరేటరు కొద్దిగా తిప్పినప్పుడు కుదుపులు వచ్చుటకు, పెట్రోలు ఖర్చు పెరుగుటకు ఇదియొక హేతువు. ఆ తడబాటు చప్పుడే కొందరికి వీనులవిందుగా నుండవచ్చును. చప్పుడును చూచి సత్తువను అంచనా వేయరాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. వాల్వు తెరచుకొనుట ఎక్కడ ఆరంభమైనదని లెక్కించుటలో అందరును ఒకే కొలతను పాటించరు. కొందరు టాపెట్టు మిల్లీమీటరులో పదవవంతు లేచినప్పటినుండియే లెక్కింతురు. అమెరికాలో 0.050 అంగుళము, అనగా 1.27 మిల్లీమీటర్లు లేచినప్పటినుండి లెక్కించుట పరిపాటి. జపాను తయారీలలో 1 మిల్లీమీటరు కొలత తరచుగా కనబడును. ఒకే క్యాంషాఫ్టు ఈ కొలతల భేదము వలన ముప్పది నలుబది డిగ్రీలు హెచ్చుతగ్గులుగా కనబడవచ్చును. కనుక రెండింటిని పోల్చునప్పుడు అవి ఒకే కొలతపై చెప్పిన అంకెలా కావా యని మొదట అడిగి తెలిసికొనవలెను.

ఇక సత్తువ మాట. ప్రకటనలలో పెద్ద అక్షరములతో అచ్చువేయునది గరిష్ఠ అశ్వశక్తి. దారిపై మన చేతికి తెలియునది టార్కు, అనగా ఇంజను చక్రమును త్రిప్పు బలము. ఈ రెండింటికిని సంబంధము సులభమైనది. టార్కును న్యూటన్ మీటర్లలోను, వేగమును నిమిషమునకు చుట్లలోను తీసికొని, రెండింటిని హెచ్చించి 9,549తో భాగించినచో కిలోవాట్లలో శక్తి వచ్చును. ఒక కిలోవాటు సుమారు 1.34 అశ్వశక్తి.

లెక్క కొరకు ఒకే ఇంజనుకు రెండు క్యాంషాఫ్టులను ఊహింతము. మొదటిది 3,500 చుట్ల వద్ద 30 న్యూటన్ మీటర్ల టార్కు, 6,500 చుట్ల వద్ద 24 ఇచ్చును. రెండవది 3,500 వద్ద 26, 6,500 వద్ద 27 ఇచ్చును. పై వేగమున మొదటిదాని శక్తి 16.3 కిలోవాట్లు, రెండవదాని శక్తి 18.4 కిలోవాట్లు. రెండవదానివలన దాదాపు మూడు అశ్వశక్తుల లాభమని ప్రకటన చెప్పును. అది అబద్ధము కాదు. కాని 3,500 చుట్ల వద్ద చూడుడు. మొదటిది 11 కిలోవాట్లు, రెండవది 9.5 కిలోవాట్లు. అనగా లారీ వెనుక పోవుచు, దానిని దాటుటకు ఆక్సిలరేటరు త్రిప్పిన ఆ క్షణమున, డబ్బు పెట్టి కొన్న క్యాంషాఫ్టు ఉన్న బలములో ఏడవ వంతును తగ్గించినది. గేరు తగ్గించి ఇంజనును 6,000 చుట్లకు లేపినచో రెండవది తన ప్రతాపము చూపును. వెనుక ఒకరిని కూర్చుండబెట్టుకొని, సామానుతో, దినమంతయు అట్లు నడుపువారు అరుదు. ఎదుటినుండి బస్సు వచ్చుచున్నప్పుడు లారీ ప్రక్కన మనము ఎన్ని సెకండ్లు గడపుదుమో నిర్ణయించునది ఆ సమయమునందు ఇంజను చేతిలోనున్న బలము. కొండ నాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లు కాకూడదు గదా!

అందుచేత అంగడికి పోకముందే మన ఇంజను వేగమును తెలిసికొనవలెను. చుట్లు చూపు మీటరు బండిపై ఉన్నచో పని సులువు. అలవాటైన బరువుతో, అలవాటైన దారిపై నాలుగైదు గంటలు ప్రయాణము చేసి, చదును నేల మీద, ఎత్తు ఎక్కునప్పుడు, లారీని దాటునప్పుడు ముల్లు ఎక్కడ నుండునో గుర్తు పెట్టుకొని, ఆగినచోట కాగితముపై వ్రాసికొనవలెను. మీటరు లేనిచో లెక్కతో తెలిసికొనవచ్చును. వెనుక చక్రము చుట్టుకొలత 2 మీటర్లనుకొందము. గంటకు 72 కిలోమీటర్లనగా సెకండునకు 20 మీటర్లు. కనుక చక్రము సెకండునకు 10, నిమిషమునకు 600 చుట్లు తిరుగును. పై గేరులో చక్రము ఒక చుట్టుకు ఇంజను 6 చుట్లు తిరుగునని పుస్తకములో ఉన్నచో, ఇంజను వేగము నిమిషమునకు 3,600. మీ బండి అంకెలు వేరుగా నుండును గాని లెక్క ఇదియే.

ఈ ఆలోచన తయారీదారులకు క్రొత్త కాదు. మన దేశమున దూర ప్రయాణమునకు ప్రసిద్ధిగన్న బుల్లెట్ కథనే చూడుడు. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాసు మోటార్స్ సంస్థతో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించెను. ఆనాటి 350 బుల్లెట్ సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. వ్యాసము కంటె నడక పొడుగు. నెమ్మదిగా తిరుగుచు బరువు లాగు ఇంజనుకు ఇది లక్షణము. దానిలో రెండు వాల్వులకు రెండు వేర్వేరు క్యాములు ఇంజను కుడిప్రక్కనున్న పళ్ళచక్రములతో తిరుగుచు, పొడుగాటి పుష్‌రాడ్ల ద్వారా తలపైనున్న వాల్వులను కదలించెడివి. 2020లో మీటియరు 350తో వచ్చిన క్రొత్త ఇంజనులో క్యాంషాఫ్టు సిలిండరు తలమీదికి చేరినది. వ్యాసము 72, నడక 85.8 మిల్లీమీటర్లు. నిర్మాణము మారినను స్వభావము మారలేదు. ఆ ఇంజను 4,000 చుట్ల వద్ద 27 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్కును, 6,100 చుట్ల వద్ద 20.2 అశ్వశక్తిని ఇచ్చునని తయారీదారు చెప్పిన లెక్క. మనము పైన చెప్పుకొన్న సూత్రముతో చూచినచో 6,100 చుట్ల వద్ద టార్కు సుమారు 23.6కు దిగియున్నది. అనగా దాని క్యాంషాఫ్టును 4,000 చుట్ల చుట్టుప్రక్కల నడుపువారి కొరకే చెక్కిరన్నమాట.

అదే కంపెనీ 2023లో తెచ్చిన హిమాలయన్ 450 ఇంజను మార్గము వేరు. దాని గరిష్ఠ టార్కు 40 న్యూటన్ మీటర్లు 5,500 చుట్ల వద్ద, గరిష్ఠ శక్తి సుమారు 40 అశ్వశక్తులు 8,000 చుట్ల వద్ద లభించును. సిలిండరు వ్యాసము 84, నడక 81.5. ఇది వేగముగా తిరుగుటకు ఇష్టపడు ఇంజను. రెండును దూర ప్రయాణపు బండ్లే. కాని ఒకదాని యజమాని సలహా రెండవదాని యజమానికి పనికిరాదు.

అమెరికాలో హార్లీ డేవిడ్సన్ యాత్రా మోటారు సైకిళ్ళకు క్యాంషాఫ్టు మార్చుట పెద్ద వ్యాపారమే. 2017 సంవత్సరపు యాత్రా బండ్లతో వచ్చిన మిల్వాకీ ఎయిట్ ఇంజనులో ఒకే క్యాంషాఫ్టు ఇంజను అడుగు భాగమున నుండును. సిలిండరు తల విప్పకయే దానిని మార్చవచ్చును. ఆ బండ్ల బరువు 350 కిలోలకు పైమాటయే. రాజమార్గముపై ఇంజను తిరుగునది నిమిషమునకు ఇంచుమించు 2,500 నుండి 3,000 చుట్లు. అందుచే అక్కడి అనుభవజ్ఞులు బరువుతో యాత్ర చేయువారికి ఇన్‌లెట్ వాల్వును త్వరగా మూయు క్యాంషాఫ్టును, తేలిక బండిని దూకించువారికి ఆలస్యముగా మూయుదానిని చెప్పుట ఆచారము. కొలతలు మారినను మన బండ్లకును న్యాయము అదియే.

ఒకే బొడిపె అన్ని వేగములకు సరిపడదని ఇంజనీర్లు ఒప్పుకొనినందుననే రెండు బొడిపెల ఏర్పాటు పుట్టినది. మన పట్టణములలో తరచుగా కనబడు యమహా ఆర్ 15 బండిలో 2018లో వచ్చిన మూడవ రూపమునుండి ఇన్‌లెట్ వాల్వునకు రెండు ఆకారముల బొడిపెలు కలవు. 7,400 చుట్ల వరకు ఒకటి, ఆపైన రెండవది పని చేయును. బి.ఎం.డబ్ల్యు. వారు 2018లో ప్రకటించిన ఆర్ 1250 యాత్రా బండిలోను ఇట్టి ఏర్పాటే కలదు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టగల నేర్పు ఆ ఇంజనులకు కలదు. మనము కొనితెచ్చి బిగించు సాధారణ క్యాంషాఫ్టునకు ఒకే గొడుగు. అది ఏ ఎండకు కావలెనో మనమే నిర్ణయించుకొనవలెను.

నిర్ణయము జరిగిన పిదప, క్యాంషాఫ్టు ధరతో ఖర్చు ముగియదని గ్రహింపవలెను. లిఫ్టు పెరిగినచో వాల్వు స్ప్రింగు మరింత నలుగవలెను. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకొనిపోయినచో వాల్వు కదలుటకు చోటుండదు. స్ప్రింగు బలహీనమైనచో అధిక వేగమున వాల్వు బొడిపెను అనుసరింపలేక గాలిలో తేలును. అన్నిటికంటె ప్రమాదకరమైనది వాల్వు, పిస్టను ఒకదానికొకటి తగులుట. ఒక్కసారి తగిలినను వాల్వు వంగిపోవును. ఇంజను విప్పక తప్పదు. కనుక బిగించుటకు ముందు పిస్టను తలపై మెత్తని బంకమన్ను వంటి పదార్థమునుంచి, ఇంజనును చేతితో రెండు చుట్లు త్రిప్పి, తిరిగి తల విప్పి, నలిగిన పదార్థపు మందమును కొలువవలెను. ఇన్‌లెట్ వైపు కనీసము 1.5 మిల్లీమీటర్లు, ఎగ్జాస్టు వైపు 2 మిల్లీమీటర్లు ఎడముండవలెనని పనివారు సాధారణముగా పాటించు నియమము. తయారీదారు వేరుగా చెప్పియున్నచో అదియే ప్రమాణము. ఈ కొలత తీయకయే బిగించెదనను మెకానిక్కు ఎంత నేర్పరియైనను, బండిని అతనికి అప్పగింపకుండుట క్షేమము.

పాత బుల్లెట్ వంటి బండ్లలో చదునైన టాపెట్టు బొడిపెపై రాసికొనుచు నడచును. పాత టాపెట్టు పాత బొడిపెకు అనుగుణముగా అరిగియుండును. క్రొత్త క్యాముతో పాత టాపెట్టును కూర్చినచో రెండును త్వరలో పాడగును. రెండింటిని క్రొత్తవిగా వేసి, బొడిపెలకు తగిన గ్రీజు పూసి, మొదటి నిమిషములలో ఇంజనును మరీ నెమ్మదిగా తిరుగనీయక జాగ్రత్తగా నడుపవలెను.

పెట్రోలు పాలును సరిచూడవలెను. కార్బురేటరు బండికి జెట్టు మార్చవలసి రావచ్చును. ఇంజెక్షను బండిలో పెట్రోలు కొలత కంప్యూటరు చేతిలో నుండును. అది పాత క్యాంషాఫ్టునకు తగినట్లు వ్రాసిన లెక్కనే అనుసరించును. సిలిండరులోనికి గాలి హెచ్చుగా వచ్చి పెట్రోలు అంతగా రానిచో మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కును. ఇన్‌లెట్ వాల్వును త్వరగా మూయు క్యాంషాఫ్టులో ఇంకొక చిక్కు కలదు. వెనుకకు పోవునది తగ్గి సిలిండరులో నొక్కుడు పెరుగును. అల్ప వేగమున బలము వచ్చుట దానివలననే. కాని వైశాఖ జ్యేష్ఠ మాసములలో గోదావరీ తీరపు బొగ్గు గనుల నేలపై, ఎత్తు ఎక్కుచు బరువు లాగునప్పుడు, ఆ నొక్కుడు మితిమీరినచో మిశ్రమము తనంతతానే అంటుకొని ఇంజను లోపల గులకరాళ్ళు కొట్టినట్లు టకటక చప్పుడు పుట్టును. ఆ చప్పుడును అలక్ష్యము చేసిన పిస్టను చెడును. కనుక నొక్కుడు నిష్పత్తిని ఇదివరకే పెంచిన ఇంజనుకు ఇట్టి క్యాంషాఫ్టు వేయునప్పుడు ద్విగుణముగా యోచింపవలెను.

చట్టమును మరువరాదు. తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకును రిజిస్ట్రేషను పత్రములోని వివరములకును భేదము వచ్చునట్లు వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను చెప్పుచున్నది. క్యాంషాఫ్టు పైకి కనబడని భాగమే యైనను వెలువడు పొగ స్వభావమును మార్చును. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి 6 ప్రమాణములకు లోబడి తయారైన బండ్ల విషయములో ఈ జాగ్రత్త మరింత అవసరము. గ్యారంటీ గడువు, ఇన్సూరెన్సు షరతులు కూడ ముందుగానే విచారించుకొనవలెను.

ఇంత విన్న పిదప, మార్చకయే పని జరుగు మార్గము లేదా యని అడుగవచ్చును. తరచుగా కలదు. బండి నీరసించుటకు అసలు కారణము మూసికొనిపోయిన గాలి ఫిల్టరో, తప్పిన టాపెట్టు సందో, అరిగిన క్లచ్చి ప్లేట్లో, గాలి తగ్గిన టైరో కావచ్చును. ఇవి సరిచేయుటకు అగు ఖర్చు స్వల్పము. ఆపైన కూడ బలము చాలనిచో చైను చక్రము మార్చి చూడవచ్చును. వెనుక చక్రమునకు 38 పళ్ళ స్ప్రాకెట్టు బదులు 40 పళ్ళది వేసినచో, అదే వేగమున చక్రమునకు చేరు బలము నూటికి అయిదు పాళ్ళకు పైగా పెరుగును. ఇంజను చుట్లును అంతే పెరుగునన్నది దానికి మూల్యము. నచ్చనిచో పాతదానిని ఒక పూటలో తిరిగి బిగింపవచ్చును. క్యాంషాఫ్టు విషయములో అట్టి సౌకర్యము లేదు.

ఇవన్నియు చేసిన తరువాత కూడ మార్చదలచినవారికి స్థూలముగా మూడు మాటలు చెప్పవచ్చును. మీ కాగితముపై వ్రాసికొన్న చుట్లు ఎక్కువగా 2,500 నుండి 4,000 నడుమ నున్నచో, ఇన్‌లెట్ వాల్వును కంపెనీ క్యాంషాఫ్టుతో సమానముగా లేదా కొంచెము ముందుగా మూయునట్టిది, ఓవర్‌ల్యాప్ తక్కువగా నున్నది, లిఫ్టు మాత్రము కొద్దిగా హెచ్చినది ఎన్నుకొనవలెను. 4,000 నుండి 5,500 నడుమ నున్నచో డ్యురేషను కొద్దిగా పెరిగినది చెల్లును. ఎల్లప్పుడు 6,000 దాటించి నడుపువారికే ఆలస్యముగా మూయు క్యాంషాఫ్టు తగును. అట్టివారు వెనుక సీటువారిని, సామానును ఇంటి వద్ద దించి పోవువారై యుందురు. ఈ హద్దులు మన దేశపు 350, 400 సి.సి. ఒంటి సిలిండరు బండ్లను దృష్టిలో నుంచుకొని చెప్పినవి. పెద్ద బండ్లకును, వేగముగా తిరుగు చిన్న ఇంజనులకును వాని వాని పుస్తకములలోని గరిష్ఠ టార్కు వేగమును బట్టి హద్దులను జరుపుకొనవలెను.

అంగడివాడు క్యాంషాఫ్టును చేతికిచ్చి అశ్వశక్తి ఎంత పెరుగునో చెప్పినప్పుడు, 3,500 చుట్ల వద్ద టార్కు ఎంత అని తిరిగి అడుగుడు. అల్ప వేగమునుండి అధిక వేగము వరకు టార్కును చూపు గీతపటము అతని వద్ద ఉన్నచో, మీ కాగితమును దాని ప్రక్కన పెట్టి చూడుడు. ఆ పటము లేనిచో, అది వచ్చువరకు కొనుగోలును వాయిదా వేయుటలో నష్టము లేదు. అంతవరకు కంపెనీవారు బిగించిన క్యాంషాఫ్టే మిమ్ములను, మీ వెనుక కూర్చున్నవారిని ప్రాణహిత దాటించి తిరిగి ఇంటికి చేర్చగలదు.